రాజకీయ వ్యంగ్యానికి స్క్రిప్ట్ రాయడం: ముందు వార్త, తర్వాత నవ్వు

రాత్రిపూట టీవీలో వచ్చే రాజకీయ వ్యంగ్య కార్యక్రమాలకు రాయాలని ఉందంటూ వచ్చే కుర్రవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది పంచ్ గురించే. నేను మాత్రం ఆ రోజు వార్త ఒకటి చేతిలో పెట్టి, దీన్ని ఒక్క జోకు కూడా లేకుండా నాలుగు వాక్యాల్లో రాసి తెండి అంటాను. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు, దానికి ఆధారంగా కాగితమో వీడియోనో ఉందా. చాలామంది రెండో వాక్యానికే వెటకారంలోకి దిగిపోతారు. నేను న్యూస్ డెస్కులో బులెటిన్లు రాస్తూ రాస్తూ ఈ పనిలోకి వచ్చినదాన్ని, ఈ పట్టుదల అక్కడి నుంచే వచ్చింది. రాత్రి మన కార్యక్రమం చూసి నవ్వినవాళ్లు మర్నాడు ఆ వార్తను పొల్లుపోకుండా ఇంకొకరికి చెప్పగలగాలి. చెప్పలేకపోతే మనం నవ్వించాం గానీ మన పని మనం చేయలేదు.

వార్తను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. చెప్పిన మాటకీ చేసిన పనికీ మధ్య ఖాళీ ఉందా? ఒక నాయకుడు వేదిక ఎక్కుతూ జారితే అందులో ఏ ఖాళీ లేదు, మెట్టు తడిగా ఉంది, అంతే. అదే నాయకుడు నిరుడు ఇదే చట్టాన్ని సభలో చింపేసి, ఈ ఏడాది అదే చట్టాన్ని తన పేరుతో ప్రవేశపెడితే అక్కడ మనకు పని ఉంది. రెండు వీడియోలు, రెండు తేదీలు దొరికితే సగం స్క్రిప్ట్ తయారైనట్టే.

మీది రోజువారీ కార్యక్రమమా, వారానికి ఒకసారి వచ్చేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ వార్తల ఎంపిక వేరు. అమెరికాలో ‘ది డైలీ షో’ 1996లో మొదలైంది. 1999లో జాన్ స్టూవర్ట్ యాంకర్‌గా వచ్చాక అది ప్రధానంగా రాజకీయాల మీదికి మళ్లింది. పొద్దున మీటింగ్‌లో క్లిప్పులు చూసి వార్త తేల్చుకోవడం, మధ్యాహ్నానికి స్క్రిప్ట్, ఆపైన రిహార్సల్, మళ్లీ తిరగరాయడం, సాయంత్రం రికార్డింగ్, రాత్రి 11కి ప్రసారం, ఇదీ వాళ్ల పద్ధతి. ఆ వేగంలో ఈ రోజు వేడిగా ఉన్న వార్తే పనికొస్తుంది. 2014 ఏప్రిల్‌లో హెచ్‌బీవో చానల్‌లో మొదలైన జాన్ ఆలివర్ కార్యక్రమం ‘లాస్ట్ వీక్ టునైట్’ వారానికోసారి, ఆదివారం రాత్రి వస్తుంది. ప్రకటనల విరామాలు ఉండవు. ఒకే విషయం మీద ఇరవై నిమిషాలు కూర్చోగలరు. బీమా నిబంధనలో జైళ్ల కాంట్రాక్టులో, ఎవరూ హెడ్‌లైన్ చేయనివి అక్కడ హెడ్‌లైన్ అవుతాయి. చిన్న బృందంతో మొదలుపెట్టేవాళ్లకు నేను వారపు పద్ధతే మంచిదంటాను. రోజూ రాస్తే అలసిపోతారు. అలసిన మెదడుకు మొదట తట్టేది పక్కవాళ్లకు అప్పటికే తట్టిన జోకు.

జోకు ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ తీసుకుని దగ్గర నుంచి చూద్దాం. వార్త ఊహించుకున్నదే. ఒక ఆసుపత్రి భవనం కట్టడం ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలి. గడువు మూడుసార్లు పొడిగించారు, నివేదిక ఇంకా రాలేదు.

ఇది చదవగానే అందరికీ తట్టేది: ‘ఇక ఈ కమిటీ ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి ఇంకో కమిటీ వేయాలి.’ దీన్ని కాగితం మీద రాసేయండి, రాసి కొట్టేయండి. రాయకుండా వదిలేస్తే అదే మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది. చూసేవాళ్లకు కూడా మీకంటే ముందే తడుతుంది. ప్రేక్షకుడు ముందే ఊహించిన జోకు చెబితే అతను మర్యాదకు నవ్వుతాడు, అంతకు మించి ఏమీ జరగదు.

రెండో ప్రయత్నంలో వార్తలోనే ఉన్న వింతను పట్టుకోండి. కమిటీ పని ఆలస్యం గురించి చెప్పడం. కమిటీ చేస్తున్నది ఆలస్యం. అంటే వాళ్లు తమ విషయాన్ని చేసి చూపిస్తున్నారు. ‘కమిటీ పని చేయలేదని ఎవరన్నారు? ఆలస్యం ఎలా జరుగుతుందో పూసగుచ్చినట్టు చేసి చూపించారు కదా!’ ఇది మొదటిదానికంటే మేలు, ఎందుకంటే వార్త లోపలి నుంచే వచ్చింది. ఇంకో వార్తకు అతికించలేరు. నా దగ్గర స్క్రిప్ట్ పాసవడానికి గీటురాయి ఇదే. ఈ జోకును నిన్నటి వార్తకు తగిలించినా నడుస్తుందంటే దాన్ని తీసేయాల్సిందే.

మూడోసారి మాటల వరుస చూడాలి. ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు ఒక చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు పుట్టించే మాట దానికి ముందెక్కడో నలిగిపోతుంది. ‘ఇన్నాళ్లలో ఈ కమిటీ ఆలస్యాన్ని మాత్రమే తయారు చేయగలిగింది’ అని యాంకర్ చదివితే ‘ఆలస్యం’ అన్న మాట దగ్గర నవ్వబోయినవాళ్లు ‘తయారు చేయగలిగింది’ అయ్యేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే నవ్వు చచ్చిపోతుంది. వాక్యాన్ని తిరగేయండి: ‘ఇన్నాళ్లలో ఈ కమిటీ తయారు చేసింది ఒక్కటే. ఆలస్యం.’ పేలాల్సిన మాట చివరికి వచ్చింది, దాని తర్వాత ఇంకేమీ లేదు. ‘చేసింది ఏమిటంటే’, ‘వచ్చింది ఎవరంటే’, ‘మిగిలింది ఒక్కటే’, ఇలాంటి అమరికలు మన భాషలో కావాల్సినన్ని ఉన్నాయి. రోజూ మాట్లాడేటప్పుడు అందరం వాడతాం, కంప్యూటర్ ముందు కూర్చోగానే మర్చిపోతాం. అందుకే నేను ప్రతి స్క్రిప్ట్‌నీ బయటికి చదివించి వింటాను. కంటికి బాగున్న వాక్యం నోటికి ఇమడకపోవచ్చు.

ఈ ఉదాహరణలో ఇంకొకటి గమనించండి. గడువు మూడుసార్లు పొడిగించారన్న సంగతిని జోకు చేయలేదు. దాన్ని సూటిగా చెప్పాలి. తెర మీద మూడు ఉత్తర్వులు, మూడు తేదీలు ఒకదాని కింద ఒకటి రావాలి. యాంకర్ గొంతులో ఏ విరుపూ ఉండకూడదు. ఆ తేదీలు చదివేటప్పుడే కొందరు నవ్వుతారు. అదే అసలైన నవ్వు. మనం చేసిందల్లా వరుసలో పెట్టడమే.

ఇక క్లిప్పుల సంగతి. ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. ఈ తరహా కార్యక్రమాలకు బలం నాయకుల సొంత మాటలు. వాళ్లు మాట్లాడిన వీడియో ముక్క, అంటే బైట్, వేసి, వెంటనే పాత బైట్ వేసి, యాంకర్ ముఖం చూపిస్తే చాలు, జోకు రాయక్కర్లేదు. కానీ ఎడిటింగ్‌లో అర సెకను అటూ ఇటూ అయితే అదే క్లిప్ అబద్ధమైపోతుంది. తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మనం కాదు, లేదు అనే మాటలను వాక్యం చివర పెడతాం. ‘కరెంటు చార్జీలు పెంచుతామని మేమెక్కడా అనలేదు’ అని మంత్రి అంటే, చివరి రెండు మాటలు కోసేస్తే చాలు, అర్థం తలకిందులవుతుంది. ఎదుటివాళ్ల మాటను చెప్పేటప్పుడూ అంతే. ‘ఈ పథకం శుద్ధ దండగ అని వాళ్లు ప్రచారం చేస్తున్నారు’ అని ఒక నాయకురాలు సభలో అంటుంది. ‘ఈ పథకం శుద్ధ దండగ’ దగ్గర ఆపేస్తే ఆమె సొంత ప్రభుత్వాన్నే తిట్టినట్టవుతుంది. నవ్వు గట్టిగా వస్తుంది, అందులో అనుమానం లేదు. ఆ నవ్వు మనకొద్దు.

కాబట్టి మా దగ్గర నియమం ఒకటే. ఏ బైట్ వాడినా దానికి ముందు, తర్వాత ఏం మాట్లాడారో పూర్తి ఫీడ్, అంటే కోతలు లేని అసలు రికార్డింగ్, తెప్పించి రాసినవాళ్లే స్వయంగా చూడాలి. సోషల్ మీడియాలో తిరుగుతున్న ముక్కను తెచ్చి వేయకూడదు, అది ఎక్కడ కోశారో మనకు తెలియదు. వీడియో ఎడిటర్‌కి టైమ్‌కోడ్‌తో (ఆ మాట రికార్డింగ్‌లో ఏ నిమిషం, ఏ సెకనులో ఉందో ఆ గుర్తుతో) పాటు ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో ఒక వాక్యం రాసి ఇస్తాను. ఎడిటర్‌కి సందర్భం తెలిస్తే కట్ ఎక్కడ పడకూడదో తనకే తెలుస్తుంది. ఎదుటివాళ్ల అభిమాని మన కట్ చూసి, అసలు ప్రసంగం మొత్తం చూసి, ‘సరే, ఆయన అన్నది అదే’ అని ఒప్పుకోగలగాలి. ఒప్పుకుని తిట్టుకోనివ్వండి.

ఎవరి మీద జోకు వేయాలన్న విషయంలో నాకు మొహమాటం లేదు. చేసిన పని మీద, పట్టుకున్న అధికారం మీద వేయండి. శరీరం, రంగు, యాస, కులం, నత్తి, భార్యాపిల్లలు, వీటిలో ఏదీ జోకు కాదు. యాస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక నాయకుడి మాట తీరును అనుకరిస్తే హాల్లో నవ్వు ఇట్టే వస్తుంది, కానీ ఆ మాట తీరు ఆయన ఒక్కడిది కాదు, లక్షల మందిది. టీవీ ముందు కూర్చున్న పిల్లాడు తన అమ్మ మాట్లాడే తీరు చూసి ఊరంతా నవ్వుతోందనుకుంటాడు. ఆయన విధానం తప్పయితే ఆ విధానం గురించి రాయడానికి మనకు బోలెడంత ఉంది.

రాసిన తర్వాత పార్టీ పేరు మార్చి చదవండి. ఇదే పని మీకిష్టమైన నాయకుడు చేసి ఉంటే ఈ వాక్యం ఇలాగే ఉంచేవాళ్లా? ఉంచరంటే అది వ్యంగ్యం కాదు, ప్రచారం. ఈ విషయంలో నేను ఎప్పుడూ తలుచుకునేది ఈజిప్టుకు చెందిన బాసెమ్ యూసఫ్‌ని. ఆయన గుండె శస్త్రచికిత్స డాక్టరు. 2011లో విప్లవం తర్వాత ఇంట్లోనే వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టి, తర్వాత ‘అల్ బెర్నామెగ్’ అనే టీవీ కార్యక్రమంతో అరబ్ దేశాలంతటా పేరు తెచ్చుకున్నారు. మోర్సీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన మీద జోకులు వేసినందుకు 2013లో ప్రాసిక్యూటర్ల ముందు విచారణకు నిలబడ్డారు. అదే ఏడాది సైన్యం మోర్సీని దించింది. తన మీద కేసు పెట్టిన ప్రభుత్వం పోయింది కదా అని యూసఫ్ ఊరుకోలేదు, కొత్త పరిస్థితి మీద కూడా మాట్లాడారు. చానల్ ఆపేసింది. ఇంకో చానల్‌కి వెళ్లారు. 2014 జూన్‌లో కార్యక్రమాన్ని శాశ్వతంగా ముగించాల్సి వచ్చింది. జోకులు ఎంత బాగుండాలో నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గద్దె మీద మనిషి మారినా కలం దిశ మారకూడదని నేర్పినవాళ్లు కొద్దిమందే.

పాత్ర వేసి మాట్లాడించడం ఇంకో పద్ధతి. అమెరికా హాస్యనటుడు స్టీఫెన్ కోల్‌బేర్ 2005 నుంచి 2014 దాకా ‘ద కోల్‌బేర్ రిపోర్ట్’లో, తనకు ఏదీ తెలియకపోయినా అన్నిటి మీదా ఆవేశంగా మాట్లాడే మితవాద (రైట్ వింగ్) వ్యాఖ్యాతగా కనిపించారు. తాను వెక్కిరించాలనుకున్న వాదనను తానే సమర్థిస్తూ, సమర్థించిన కొద్దీ అది కూలిపోయేలా చేయడం ఆ పాత్ర పని. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొత్తగా రాసేవాళ్లకు మాత్రం నేను వెంటనే ఇవ్వను. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అంతా ఆయన హాస్యాన్ని ఆస్వాదిస్తూనే, మితవాద ప్రేక్షకులు ఆయన జోకు వేస్తున్నట్టు నటిస్తూ నిజంగానే తన అభిప్రాయం చెబుతున్నాడని అనుకునే మొగ్గు చూపారని తేలింది. పాత్రతో రాస్తే, కనీసం ఒక్కచోట అయినా వాస్తవం పాత్ర నోటి నుంచి కాకుండా గ్రాఫిక్ ద్వారానో క్లిప్ ద్వారానో రావాలి. లేకపోతే సగంమంది చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు.

కోల్‌బేర్ నుంచే నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కష్టమైన నిబంధనను వివరించడం మానేసి, దాని ప్రకారమే ఒక పని చేసి చూపించడం. అమెరికా ఎన్నికల్లో సూపర్ ప్యాక్ అనే సంస్థలు పరిమితి లేకుండా విరాళాలు తీసుకోవచ్చు, అభ్యర్థితో కలిసి పథకం వేయకూడదన్నది షరతు. ఆ షరతు ఎంత పలచనో చెప్పడానికి ఆయన 2011లో నిజంగానే ఒక సూపర్ ప్యాక్ పెట్టారు. ఎన్నికల కమిషన్ మాజీ చైర్మన్‌ను లాయరుగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. 2012 జనవరిలో తాను పోటీకి ఆలోచిస్తున్నానంటూ ఆ సంస్థను కెమెరా ముందే స్నేహితుడు స్టూవర్ట్‌కి అప్పగించారు. అంతా చట్టబద్ధమే. చూసినవాళ్లు ఎన్నికల నిధుల చట్టాన్ని అంత సులువుగా ఇంకెక్కడా అర్థం చేసుకుని ఉండరు. జాన్ ఆలివర్ 2016లో ఇలాంటిదే చేశారు. జనం ఆసుపత్రి బాకీలను కంపెనీలు కారుచౌకగా కొనుక్కుని వసూలు చేసుకుంటాయని చెప్పడానికి, తానే కంపెనీ పెట్టి దాదాపు కోటిన్నర డాలర్ల బాకీలను 60 వేల డాలర్లకు కొన్నారు. తర్వాత సుమారు 9 వేల మందికి మాఫీ అయ్యేలా చేశారు. అంత డబ్బు మనకుండదు. కానీ ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబును తెర మీద చదవడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. ‘మీరు అడిగిన సమాచారం మా వద్ద లేదు’ అని శాఖ ముద్రతో వచ్చిన కాగితానికి మించిన పంచ్ నేనైతే రాయలేను.

జోకు వేయకూడని రోజులుంటాయి. బీబీసీలో 1962లో మొదలైన ‘దట్ వాజ్ ద వీక్ దట్ వాజ్’ ప్రధానమంత్రిని కూడా వదలని కార్యక్రమం. 1963 నవంబర్ 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన మర్నాడే అది రావాలి. వాళ్లు వ్యంగ్యమంతా పక్కన పెట్టి, చిన్న నివాళి కార్యక్రమం చేశారు. అమెరికాలో 2001 సెప్టెంబర్ ఉగ్రదాడుల తర్వాత తిరిగి వచ్చిన మొదటి రాత్రి స్టూవర్ట్ కూడా మామూలుగా కార్యక్రమం మొదట్లో చెప్పే జోకుల ప్రసంగం (మోనోలాగ్) ఎత్తుకోలేదు. పెద్ద ప్రమాదం జరిగిన రోజు నేను యాంకర్‌తో రెండు నిమిషాలు మామూలుగా మాట్లాడమంటాను. తర్వాతి వారం, బాధ్యులు ఎవరో కాగితాల మీద తేలడం మొదలయ్యాక, మళ్లీ మన పని మొదలవుతుంది. అప్పుడైనా జోకు అనుమతులిచ్చినవాళ్ల మీదే ఉండాలి. చనిపోయినవాళ్ల ఇంటి విజువల్స్ మీద వెనక సంగీతం కూడా పెట్టనివ్వను.

స్క్రిప్ట్ లాయర్‌కి వెళ్లే ముందు నేను ఎడమ పక్కన ఖాళీ వదిలి, ప్రతి వాస్తవం ఎదురుగా అది ఎక్కడ దొరికిందో రాస్తాను. ఉత్తర్వు నంబరు, సభా రికార్డు తేదీ, ఫీడ్ టైమ్‌కోడ్. ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఆ వాక్యం తీసేస్తాను, దాని మీద ఎంత మంచి జోకు నిలబడి ఉన్నా సరే. ఇది శ్రమే. 2017లో బొగ్గు గనుల యజమాని రాబర్ట్ మర్రే ఆలివర్ కార్యక్రమం మీద పరువునష్టం దావా వేశారు, మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది. అలాంటి దావా వచ్చినప్పుడు ఏది వాస్తవంగా చెప్పాం, ఏది ఎవరూ నిజమనుకోని అతిశయోక్తి అన్నది విడదీసి చూపించగలగాలి. మధ్యలో ఊగే వాక్యాలే ప్రమాదం. ‘ఆయన గారికి వాటా అంది ఉంటుందేమో’ లాంటివి. దానికి ఆధారం లేదు, అది జోకు కూడా కాదు.

రికార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను, అది యాంకర్‌నీ డైరెక్టర్‌నీ బట్టి మారుతుంది. హాల్లో జనం లేకుండా తీస్తుంటే మాత్రం నవ్వు కోసం ఖాళీ వదలకండి. 2020లో కోవిడ్ వల్ల అమెరికా హోస్టులంతా ఇళ్ల నుంచి చేసినప్పటి కార్యక్రమాలు చూడండి. హాలుకు అలవాటైన విరామాలు మొదట్లో ఎంత బరువుగా ఉన్నాయో తెలుస్తుంది. జనం లేనప్పుడు వాక్యాలు పొట్టిగా, ఒకదాని వెనక ఒకటి రావాలి. యాంకర్ చూసి చదివే తెర (ప్రాంప్టర్) మీద వాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో గీత గీసి ఇవ్వండి.

ప్రసారమైన తర్వాత కూడా పని ఉంటుంది. తప్పు దొర్లిందని తెలిస్తే తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే చెప్పాలి, చివర్లో పేర్లు పడేటప్పుడు కాదు. సవరణను సరదాగా చెబితే జనం దాన్నీ జోకే అనుకుంటారు. పాత క్లిప్ యూట్యూబ్‌లో ఉంటే తీసేసి, సరిచేసింది పెట్టి, ఏం మార్చామో కింద రాయాలి. పైన చెప్పిన కమిటీ ఉదాహరణలో మనం పొరబడ్డామనుకోండి, యాంకర్ చదవాల్సింది ఇంతే: ‘గడువు మూడుసార్లు పొడిగించారని గత వారం చెప్పాం. రెండుసార్లే పొడిగించారు. కమిటీ సభ్యులకు, మీకు క్షమాపణలు.’ ఇది చదివి తర్వాతి వార్తకు వెళ్లాలి.